కార్బైన్ కొనేముందు ధర ఒక్కటే చూస్తే చాలదు

పని కోసం మన పిల్లలు దుబాయ్ వెళ్లడం మామూలే. ఇప్పుడు యూఏఈ కంపెనీ కారకల్, ఐకామ్‌తో కలిసి మన హైదరాబాద్‌కే తుపాకుల తయారీ తెచ్చింది. 2018లో మన ఆర్మీ దీని కార్బైన్‌లు 93,895 కొనాలనుకుంది, తర్వాత ఆ కొనుగోలు రద్దయింది.

ఆర్మీకైనా, పోలీసులకైనా అసలు లెక్క వేరే ఉంది. గొట్టం పొట్టిగా ఉంటే ఆలంపూర్ గల్లీల్లాంటి చోట తిప్పడం సులువు. కానీ తూటా వేగం తగ్గుతుంది, దూరం పోయేకొద్దీ దెబ్బ బలహీనపడుతుంది. చేలల్లో, బయలులో పొడవాటిదే మేలు. రెండు చోట్లా ఒకటే వాడాలంటే 14.5 అంగుళాలు మధ్యస్థం.

సైట్ కూడా అంతే. దగ్గరికి రెడ్ డాట్ చాలు. దూరంలో ఉన్నది ఎవరో పోల్చుకోవాలంటే పెద్దదిగా చూపే స్కోప్ కావాలి, కాకపోతే బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి.

గురి తప్పితే తగిలేది పక్కనున్న మామూలు మనిషికే. టెండర్ లెక్కలో అదీ రాసుకోవాలి.