చిల్లా అయ్యేదాకా ఆగితే ఆలస్యమే

మన ఇళ్లల్లో బచ్చా పుట్టగానే కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ చెబుతాం. యాకుత్‌పురాలో మా ఖాలా కూతురికి మొదటి కాన్పు అయినప్పుడు పాప చెవిలో అజాన్ ఇచ్చింది నేనే. పాప కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. "మాషా అల్లాహ్, ఎంత సుకూన్‌గా వింటుందో చూడు" అని ఖాలా మురిసిపోయింది. రెండేళ్లు దాటినా పాప "అమ్మీ" అనకపోయేసరికి, ఆ రోజు తను అసలు విన్నదా అన్న షక్ వచ్చింది మాకు.

ఇక మొదలైనయి మాటలు. గ్రహణం రోజు బయటికొచ్చి ఉంటదని దాదీ అన్నది. నజర్ అని ఒకరు తావీజ్ తెచ్చారు. ఖాందాన్‌లోనే నికాహ్ చేస్తే ఇంతేనని ఇంకొకరు. అందరి వేలూ ఆ పిల్ల తల్లి వైపే.

దగ్గరి రిష్తాల్లో నికాహ్‌ల వల్ల పుట్టు చెవుడు ఎక్కువయ్యే మాట నిజమే, దాన్ని నేను దాచను. కానీ ప్రతి బిడ్డకూ అదే జవాబు అనుకుంటే ఇంకో కారణాన్ని వెతకనే వెతకం. ఆ ఇంకో కారణం పేరు సైటోమెగలో వైరస్. డాక్టర్లు సీఎంవీ అంటారు. జన్యువులతో సంబంధం లేకుండా పిల్లలకు వచ్చే చెవుడుకు అన్నిటికన్నా పెద్ద కారణాల్లో ఇదొకటి.

పెద్దవాళ్లకు ఇది సోకినా చాలాసార్లు తెలియనే తెలియదు. మన దేశంలో పెళ్లీడుకొచ్చేసరికే దాదాపు అందరు ఆడపిల్లలకూ ఒకసారి సోకి ఉంటుంది. ఒకసారి వచ్చిందంటే జిందగీ మొత్తం ఒంట్లోనే నిద్రపోతుంది. హమల్ సమయంలో అదే మేల్కొన్నా, దాని ఇంకో రకం కొత్తగా సోకినా మాయ దాటి కడుపులో బిడ్డకు చేరవచ్చు. అమెరికాలో 200 మంది బిడ్డల్లో ఒకరు దీనితో పుడతారు. వాళ్లలో ఎక్కువమంది సలామత్‌గానే ఉంటారు. అయిదుగురిలో ఒకరికి మాత్రం వినికిడో, చూపో, ఎదుగుదలో దెబ్బతింటుంది. పుట్టినప్పుడు బాగా విన్న బిడ్డ కూడా తర్వాత మెల్లగా వినికిడి పోగొట్టుకోవచ్చు.

టార్చ్ రిపోర్టులో ఐజీజీ పాజిటివ్ చూసి "బహూ ఖూన్‌లోనే ఖరాబీ ఉంది" అనే సాస్‌లను చూశాను. ఆ పాజిటివ్‌కు అర్థం ఎప్పుడో ఒకసారి సోకిందని, అంతే. టెస్ట్ చేయిస్తే ఆ సాస్‌కూ అదే వస్తుంది!

అసలు చిక్కు మన చిల్లాతో. బిడ్డకు కడుపులోనే సోకిందా లేదా తేల్చాలంటే పుట్టిన 21 రోజుల్లోపే ఉమ్మి గానీ మూత్రం గానీ తీసి పీసీఆర్ చేయాలి. ఆ తర్వాత వైరస్ కనబడినా కడుపులో వచ్చిందో, పుట్టాక తల్లిపాల నుంచో ఇంకొకరి నుంచో వచ్చిందో చెప్పలేరు. మనమేమో 40 రోజులు బిడ్డను గడప దాటనియ్యం. బాలింతకు ఆరామ్ కావాలి, చిల్లా మంచిదే, వద్దనట్లేదు. కానీ ఆ పరదా వెనకే 21 రోజులు గడిచిపోతాయి. మా పాప విషయంలో డాక్టర్ చెప్పింది ఇదే: "సీఎంవీ అయి ఉండొచ్చు, ఇప్పుడు తేల్చలేం."

అందుకే నా మాట: పేట్లబుర్జ్‌లో కాన్పయినా, నిలోఫర్‌లో చూపించినా, గల్లీ నర్సింగ్‌హోమ్‌లో అయినా, డిశ్చార్జికి ముందే చెవుల టెస్ట్ అడగండి. సూది ఉండదు, నిద్రపోతున్న బిడ్డకే చేస్తారు. అందులో ఫెయిలైతే "చెవిలో నీళ్లున్నాయి, మళ్లీ నెలకు రండి" అంటే ఊరుకోకండి. సీఎంవీ టెస్ట్ సంగతి అప్పుడే అడగండి. లక్షణాలున్న బిడ్డలకు వాల్‌గాన్సిక్లోవిర్ అనే దవా ఉంది. మొదటి నెలలో మొదలుపెట్టి ఆరు నెలలు ఇస్తారు. రక్తకణాలు తగ్గించే గుణం ఉన్న దవా కాబట్టి పరీక్షలు చేస్తూ డాక్టరే ఇవ్వాలి. అందరు పిల్లలకూ అక్కర్లేదు కూడా.

ఇంట్లో చిన్నపిల్లలున్న హామిలాలకు ఒక మాట. వైరస్ ఎక్కువగా ఉండేది బుడతల ఉమ్మిలో, మూత్రంలో. పిల్లల జూఠా తినకండి, లంగోటీ మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒకే దస్తర్‌ఖాన్ మీద బిడ్డ వదిలిన ముద్ద పారేయడం తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ తొమ్మిది నెలలు ఆ ముద్ద ఇంకెవరైనా తినండి.

తన దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోతే నిలోఫర్ షెహజాదీ తల్లడిల్లిందని, ఆ దర్ద్ నుంచే 1953లో దవాఖానా వచ్చిందని మన పెద్దలు చెబుతారు. అమెరికాలోని మిన్నెసోటా 2023 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ టెస్ట్ చేస్తోంది. మన సర్కారును అంత అడగలేకపోయినా, చెవుల టెస్టులో ఫెయిలైన బిడ్డకైనా ముఫ్త్‌గా చేయమని అడిగే హక్ మనకుంది.

గత నెల మా ఖాలా ఇంట్లో మళ్లీ బాబు పుట్టాడు. అజాన్ నేనే ఇచ్చాను. ఛటీకి ముందే ఆటో పిలిస్తే ఖాలా నారాజ్ అయింది. కాసేపటికి తనే తువ్వాలు తెచ్చి, బాబు తలకు చుట్టి, మా పక్కన ఎక్కి కూర్చుంది.