సర్దుకుపోయే బ్రేకులు



“సర్దుకుపోతుంది మాస్టారూ!” పాత కార్ల బ్రేకు సామాను అమ్మేవారి నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. బస్సు సీటులో సర్దుకుపోవచ్చు, పెళ్ళిపంక్తిలో సర్దుకుపోవచ్చు. బ్రేకులో సర్దుకుపోవడమంటే ఏమిటో ఈ పెద్దలు సెలవివ్వాలి.

నా వద్ద ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నది. ఇంగ్లండు వారి ట్రయంఫ్ హెరాల్డుకు 1961 నుండి మద్రాసులో తయారైన భారతీయ రూపమది. ఆ హెరాల్డు చట్రాన్నే కురుచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. దాని వెనుక చక్రాల సిలిండరుకు రబ్బరు కప్పులు కావలసి బందరు, గుడివాడ, అవనిగడ్డ అంగళ్ళు గాలించాను. ప్రతిచోటా ఏదో ఒకటి చేతిలో పెట్టి, “ఇదీ బ్రేకు కప్పేగా!” అన్నారు.

‘రవి’ అన్నా ‘సూర్యుడు’ అన్నా అర్థమొకటే. అయినా భగణం పడవలసిన చోట ‘రవి’ అని వ్రాస్తే పాదం కూలుతుంది. యంత్రానికీ ఛందస్సు ఉన్నది. ముప్పాతిక అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. ఆ కొలత సిలిండరు తీసివేసి 7/8 అంగుళాలది బిగించే ఘనులున్నారు. తేడా అంగుళంలో ఎనిమిదో వంతే. కాని పిస్టను వైశాల్యం, దానితో పాటు బలం, సుమారు 36 శాతం పెరుగుతాయి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొని కారు గిర్రున తిరుగుతుంది. దివిసీమ కాలువ గట్ల మీద అలా తిరిగిన కారు ఎక్కడ తేలుతుందో చెప్పాలా?

బ్రేకు ఆయిలు లేకుంటే ఇంజను ఆయిలు పోయమనే వైద్యులు మరికొందరు. ఆ నూనె తగిలితే కప్పుల రబ్బరు ఉబ్బి చెడుతుంది. అసలైన బ్రేకు ఆయిలు కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సీలు విప్పి నెలల తరబడి అరలో ఉంచిన డబ్బా పనికిరాదు. తేమ చేరిన సిలిండరు లోపల తుప్పు పట్టి గుంటలు పడుతుంది. ఆ గరుకు గోడ మీద కొత్త కప్పు ఎన్నాళ్ళుంటుంది?

“ఇంత చాదస్తమైతే తుక్కుకు అమ్మేయరాదా?” అంటారు. ఎందుకమ్మాలి? స్పిట్‌ఫైర్లు మూడు లక్షలకు పైగా తయారైనందున ఆ కుటుంబపు బ్రేకు సామాను ఇంగ్లండులో నేటికీ కొత్తగా దొరుకుతున్నది. సిలిండరు విప్పి, కొలిచి, తెప్పించుకోవచ్చు. లేదా నేర్పరియైన లేతు పనివాని చేత పాత సిలిండరులో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దిగవేయించి తొలి కొలతకు తేవచ్చు. ఖర్చు, ఆలస్యం నిజమే. అంతవరకు కారు షెడ్డులో ఉంటుంది. దానివల్ల ఎవరికీ ప్రాణహాని లేదు.

మన చిలకలపూడి రోల్డుగోల్డుకు ప్రసిద్ధి. అక్కడి నగను రోల్డుగోల్డు అనే చెప్పి అమ్ముతారు. నగకున్న ఆ నిజాయితీ ప్రాణం నిలిపే రబ్బరు ముక్కకు ఉండవద్దా?

పాత కారు ఉన్నవారికి నాదొక విన్నపం. బిల్లు మీద కొలత, తయారీదారు పేరు వ్రాయమనండి. వ్రాయనన్న అంగడి మెట్లు మళ్ళీ ఎక్కకండి.