పొరల కింద పోయిన పొలం

కిందటేడు ఒక కార్యాలయంలో కూర్చుని ఒక స్త్రీ పొలం మాయమవడం కళ్లారా చూశాను. దౌర్జన్యంగా ఎవరూ దున్నుకోలేదు. వరదా రాలేదు. కంప్యూటర్ తెర మీద ఒక పటం మీద ఇంకో పటం పెట్టారు, మీట నొక్కారు. ఆమె ఎకరం చెక్క పచ్చరంగులో కలిసిపోయింది. పక్కన పట్టికలో "అడవి, సాగు లేదు" అని పడింది.

ఆమె ఏజెన్సీ గ్రామంలోని గిరిజన స్త్రీ. భర్త పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ చెక్కలో మొదట సామలు, కందులు వేసేది. తర్వాత ప్రభుత్వ పథకం కింద ఇచ్చిన జీడిమామిడి మొక్కలు నాటింది. 2005 నాటికి అవి చెట్లయ్యాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి అనుభవంలో ఉన్న భూమి మీద గిరిజనులకు హక్కు రావాలి. కానీ ఆనాటి ఉపగ్రహ చిత్రంలో ఆ చెక్క పచ్చగా ఉంది. పచ్చగా ఉంది కాబట్టి అడవి. అడవి కాబట్టి సాగు లేదు. "సిస్టమ్ అలా చూపిస్తోంది మేడమ్, మా చేతుల్లో ఏముంది?" అన్నాడు ఆపరేటర్ కుర్రాడు. బయట చెట్టుకింద కూర్చున్న ఆమెకి ఈ మాట చెప్తే, "మొక్కలిచ్చిందీ వాళ్లే. ఇప్పుడా చెట్లే నాకు అడ్డమొచ్చాయా అమ్మా?" అంది.

ఆమె ప్రశ్నకు ఆ కార్యాలయంలో జవాబు లేదు. మనమైనా వెతకాలి కదా.

జి.ఐ.ఎస్. అన్న మూడక్షరాలు వినగానే మనలో చాలామంది వెనక్కి తగ్గుతాం. అదేదో ఇంజనీర్ల వ్యవహారం అనుకుంటాం. నిజానికి పని చిన్నదే. చిన్నప్పుడు పుస్తకంలోని బొమ్మ మీద నూనెకాగితం పరిచి గీసుకునేవాళ్లం. ఇదీ అంతే. వాగులు ఒక కాగితం మీద, రోడ్లు ఒక కాగితం మీద, అడవి హద్దులు, సర్వే నంబర్లు వేరే కాగితాల మీద. వీటినే పొరలు అంటారు. అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండింటిలోనూ ఉన్నది ఉంచమనవచ్చు, ఒకదానిలో ఉన్నదాన్ని రెండోదాని నుంచి కత్తిరించెయ్యమనవచ్చు, ఒక్కో పొరకి ఇన్ని మార్కులని వేసి కూడమనవచ్చు. 1969లో అమెరికాలో ఇయాన్ మెక్‌హార్గ్ తన 'డిజైన్ విత్ నేచర్' పుస్తకంలో, రహదారి ఎటు వెయ్యాలో తేల్చడానికి పారదర్శక పటాలను ఇలాగే పేర్చి చూపించాడు. ఏయే విలువలు లెక్కలోకి రావాలో అక్కడ ముందుగా నిర్ణయించింది మనిషి. ఇక్కడా అంతే. యంత్రం చేసేది కూడిక. ఏది కూడాలి, ఏది తీసెయ్యాలి అని చెప్పేది కుర్చీలో ఉన్నవాళ్లు. ఆ కుర్చీల్లో ఆడవాళ్లు ఎందరు, గిరిజన స్త్రీలు ఎందరు?

"శాస్త్రీయం" అనే మాటతో మన నోరు మూయిస్తున్నారు కాబట్టి ఆ శాస్త్రం సంగతే చూద్దాం.

మొదటిది, కొలత. 1:50,000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. నలుచదరపు ఎకరానికి ఒక్కో వైపు 64 మీటర్లు ఉంటుంది. అంటే ఆమె బతుకు మొత్తం ఆ పటంలో మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, పెన్సిల్ చుక్కంత. 1995 డిసెంబర్‌లో ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్. 1సి ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా నేలని 23.5 మీటర్ల గళ్లుగా చూసేది. ఎకరానికి ఏడు గళ్లు. గట్టు, దిబ్బ, పెద్ద చెట్టు నీడ పోగా మిగిలేది ఎంత? పెద్ద కమతం తప్పిపోదు, పేదరాలి చెక్కే తప్పిపోతుంది. ఈ పొరపాటు అందరికీ సమానంగా తగిలేది కాదు.

రెండోది, పొందిక. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ అనే కొలమానం మీద తయారయ్యాయి. జి.పి.ఎస్. పనిచేసేది డబ్ల్యు.జి.ఎస్. 84 అనే మరో కొలమానం మీద. లెక్క మార్చకుండా ఒకదాని మీద ఒకటి పెడితే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది. 64 మీటర్ల పొలం వంద మీటర్లు జరిగితే ఎక్కడ పడుతుంది? పూర్తిగా పక్కవాడి భూమిలోనో, రిజర్వు అడవిలోనో. తెర మీద మాత్రం గీతలు చక్కగా, నిటారుగా, ఎంతో నమ్మకంగా కనబడతాయి.

మూడోది, పేరు. పెళ్లయినవాళ్ల విషయంలో హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని చట్టం 4వ సెక్షన్ చెప్తుంది. ఒంటరి స్త్రీ కుటుంబాన్ని నడుపుతుంటే ఆమె పేరునే. నేను చూసిన పటం వెనకాల పట్టికలో "హక్కుదారు" అని ఒకే గడి ఉంది. అందులో పట్టేది ఒకే పేరు. ఎవరి పేరు రాస్తారో మనకు తెలియనిదా? చట్టంలో పోరాడి తెచ్చుకున్నది ఒక్క గడి లేకపోవడం వల్ల జారిపోతోంది.

ఇక అసలు లేని పొరల మాట. దేశంలో బంజరు భూముల అట్లాసు 2019 నాటిది 5 కోట్ల 57 లక్షల హెక్టార్లను బంజరుగా చూపించింది. దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం. ఇందులో మంచు కొండలూ ఇసుక దిబ్బలూ ఉన్నాయి, నిజమే. కానీ పొదలున్న నేలలూ ఉన్నాయి. మన ఊళ్లలో ఆ పొదల్లోనే స్త్రీలు పుల్లలు ఏరుకుంటారు, మేకలు మేపుకుంటారు, చీపురుపుల్లలు కోస్తారు. పంట ధాన్యం కాకపోతే, చేసేది ఆడదైతే, ఆ నేలకి పెట్టిన పేరు బంజరు. ఆ పొరని తీసుకెళ్లి రోడ్డు పొర, వాలు పొర మీద పెడితే "పరిశ్రమకి అనువైన స్థలం" అని వస్తుంది. పుల్లల కోసం రోజూ నడిచే దారికి మార్కులు ఉండవు, ఆ దారి ఏ పొరలోనూ లేదు కాబట్టి.

దీనికి మన స్వచ్ఛంద సంస్థల మిత్రులు కొందరు తేలిక మందు చెప్తున్నారు. "స్త్రీల పొర కూడా ఒకటి తయారుచేసి ఇచ్చేద్దాం" అని. ఈ మాటతో నాకు పేచీ ఉంది. చింతచెట్లు ఎక్కడ, తేనె ఎక్కడ, వెదురు ఎక్కడ అని స్త్రీలతో నేల మీద ముగ్గులు గీయించి, వాటిని కంప్యూటర్లోకెక్కించి, ఢిల్లీకి నివేదిక పంపి మనం ఫొటోలు తీయించుకుంటాం. ఆ తర్వాత ఆ పొర ఎవరి చేతుల్లో ఉంటుంది? వ్యాపారికీ, కాంట్రాక్టరుకీ దారి చూపించే పని మన చేతులతో మనమే చెయ్యబోతున్నామా? అడవి ఫలసాయం మీద హక్కు చేతికి రాకముందే దాని చిరునామా అప్పజెప్పడం స్త్రీల సాధికారత అనిపించుకోదు. పటం గీసింది స్త్రీలైతే దాన్ని దాచుకునే హక్కూ, ఇవ్వననే హక్కూ వాళ్లదే కావాలి.

అలాగని పటాల్ని తగలబెట్టమని నేను అనడం లేదు. జి.పి.ఎస్. పట్టుకుని తమ సామూహిక అటవీ హద్దులు తామే నడిచి గుర్తించుకున్న ఊళ్లున్నాయి. పరికరం మీద కాదు, పరికరం చెప్పిందే తీర్పు అనడం మీద నా కోపం.

చట్టం మన వైపే ఉంది. 2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రాలు ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చుగానీ వాటి స్థానంలోకి రాకూడదని స్పష్టంగా చెప్పాయి. కట్టిన గట్టు సాక్ష్యం, తవ్విన బావి సాక్ష్యం, ఊరి పెద్దల వాంగ్మూలం సాక్ష్యం. చిత్రాలు మాత్రమే పట్టుకుని క్లెయిములు తోసెయ్యడాన్ని 2013లో గుజరాత్ హైకోర్టు ఒప్పుకోలేదు. అయినా 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించమంటూనే ఆక్రమణల మీద ఉపగ్రహ సర్వే చేయమని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాని ఆదేశించింది. దేశమంతా ఆందోళన రేగాక అదే నెల 28న ఖాళీ చేయించడాన్ని నిలిపివేసింది. ఆ రెండు వారాలు ఏజెన్సీలో స్త్రీలు ఎలా నిద్రపోయారో ఏ ఉపగ్రహమూ ఫొటో తియ్యలేదు.

2021 ఫిబ్రవరి 15న కేంద్రం పటాల నిబంధనలు సడలించింది. ముందస్తు అనుమతులు లేకుండానే దేశీయ కంపెనీలు పటాలు తయారుచేసుకోవచ్చంది. కంపెనీకి ఉన్న స్వేచ్ఛ గ్రామసభకి ఎందుకు ఉండకూడదు? అందుకే మన సంఘాలన్నీ ఈ డిమాండ్లు ముందుకు తేవాలి.

పటం ఆధారంగా క్లెయిము తిరస్కరిస్తే ఏ పొరలు వాడారో, ఏ తేదీవో, ఏ కొలమానమో, ఎన్ని మార్కులు వేశారో తిరస్కరణ కాగితంలోనే తెలుగులో రాసివ్వాలి. ఆ పటాన్ని గ్రామసభలో, స్త్రీలు హాజరైన సభలో, గోడ మీద పెట్టి చూపించాలి. తర్వాత అందరూ కలిసి నేల మీదకి నడవాలి. పటమూ నేలా కలవకపోతే నేలే గెలవాలి. పట్టికలో భార్యాభర్తలిద్దరికీ గడులుండాలి.

మనం చెయ్యాల్సిందీ ఉంది. ప్రతి జిల్లాలో కనీసం ఇద్దరు కార్యకర్తలైనా ఈ పని నేర్చుకోవాలి. "ఆ పొర ఎప్పటిది?" అని అడగగలిగేంత నేర్చుకుంటే చాలు. నేను ఆరోజు ఆ ప్రశ్న అడగలేకపోయాను. తర్వాత నేర్చుకున్నాను.

డివిజన్ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి వెళ్లడానికి చట్టం ఇచ్చే గడువు 60 రోజులు. ఆమె గడువులోపే వెళ్లింది. జీడిచెట్ల మొదళ్ల చుట్టుకొలతలు, వయసు రాయించి, ముగ్గురు ముసలివాళ్ల వాంగ్మూలాలు జతచేశాం. తీర్పు ఇంకా రాలేదు. మొన్న వెళ్తే చెట్ల కింద కలుపు తీస్తూ కనబడింది. పటంలో అడవి అని రాసి ఉన్నచోట.