మూడేళ్ల ఊరు

రాబర్ట్‌సన్‌పేటలో ఇద్దరు పెద్దలు ఎదురైతే పిల్లల సంగతి రాక తప్పదు. గనులు నడిచిన రోజుల్లో "మీ వాడు ఏ గనిలో?" అని అడిగేవారు. 1964లో బెమెల్ వచ్చిన తరువాత "బెమెల్‌లో చేరాడా?" అన్నది ప్రశ్న అయింది. గనులు మూతబడ్డాక "ఏ రైలుకు వెళ్తున్నాడు?" అనడం మొదలుపెట్టారు. మారికుప్పం నుంచి బెంగుళూరుకు పోయే బండి ఎట్లా కిటకిటలాడుతుందో పాఠకులు ఎరిగినదే. ఇప్పుడు కొన్ని ఇళ్లలో ఇంకొక ప్రశ్న వినబడుతున్నది: "ఆస్ట్రేలియా కాగితాలు వచ్చాయా?"

వచ్చాయన్న ఇంట్లో మిఠాయి పంచుతారు. పంచవలసిందే, మాకూ సంతోషమే. కాని వచ్చిన కాగితం ఎటువంటిదో ఆ ఇంటి పెద్దలకు తెలిసినట్టు మాకు తోచదు. "పర్మనెంటు అయిపోయింది" అని వీధివీధికీ చెప్పుకుంటారు. అన్ని కాగితాలూ పర్మనెంటువి కావు. ఈ నెల ఆ సంగతి కాస్త వివరంగా ముచ్చటించుకుందాం.

మేము చెప్పబోయేది 491వ నంబరు వీసా. 2019 నవంబరు 16 నుంచి ఉన్నది. 45 ఏళ్లు నిండనివారికి, చదువూ పనితనమూ చూసి ఇస్తారు, గడువు అయిదేళ్లు. దీనికొక పెద్ద షరతు: ఆ దేశం "ప్రాంతీయం" అని పేర్కొన్న చోట్లనే నివసించాలి, అక్కడే పనిచేయాలి, చదువుకుంటే అక్కడే చదువుకోవాలి. అట్లా మూడేళ్లు గడిపి, మూడేళ్ల ఆదాయపు పన్ను కాగితాలు చూపితే, అప్పుడు 191వ నంబరు వీసాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పర్మనెంటు అనదగినది అది. ఇటువంటి ఏర్పాటు అక్కడ కొత్తదేమీ కాదు. 2004 నుంచి వేరు వేరు నంబర్లతో నడుస్తున్నదే.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటారా? వచ్చినవారందరూ సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో దిగిపోతే చిన్న ఊళ్ల ఆసుపత్రులకు నర్సులు దొరకరు, బడులకు పంతుళ్లు దొరకరు. అందుచేత అటువంటి ఊళ్లకు పోతామన్నవారిని ఒక రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించినా, అక్కడ స్థిరపడిన దగ్గరి బంధువు పూచీపడినా, ఎంపికలో 15 పాయింట్లు అదనంగా వేస్తారు. కనీసం కావలసినవి 65 అయినప్పుడు 15 అంటే సామాన్యం కాదు. అయితే 65 రాగానే పిలుపు వస్తుందనుకోరాదు. పోటీ ఎక్కువైన వృత్తులలో అంతకన్న ఎక్కువే కావలసి వస్తుంది. "నేను చూసుకుంటాను, డబ్బు కట్టండి" అనే ఏజెంటు ఎదురైతే, ఆ దేశంలో నమోదైన ఏజెంట్ల పట్టిక ఎవరైనా చూసుకోవచ్చునని గుర్తుంచుకోండి. అందులో ఆయన పేరు ఉన్నదో లేదో చూసిన తరువాతే చెక్కు వ్రాయండి.

నివాసానికీ పనికీ ముడివేయడమంటే ఏమిటో మన ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. జాన్ టేలర్ కంపెనీ కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన తాతముత్తాతలు నాలుగు రాళ్లు సంపాదించుకొని తిరిగిపోదామనే వచ్చారు. కంపెనీ లైన్లలో గది ఇచ్చింది. పని ఉన్నన్నాళ్లే గది. ఎన్నాళ్లుంటే అది తమదవుతుందో చెప్పినవారు లేరు, అడిగినవారూ లేరు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకున్నది. 1962లో కేంద్రం తీసుకున్నది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయింది. యజమానులు మారారు గాని గది సంగతి ఎవరూ తేల్చలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేనాటికి నాలుగు తరాలు గడిచాయి. పని పోయింది, గది ఎవరిదన్న పేచీ మిగిలింది.

ఆ లెక్కన చూస్తే 491 మేలైనదే. ఎక్కడ, ఎన్నాళ్లు, ఏమేమి చూపాలి అన్నవి ముందుగానే వ్రాసి ఉన్నాయి. మన తాతలకు దొరకని సదుపాయం అది. చదువుకోకుండా సంతకం పెట్టేవారికి మాత్రం తాతల గతే.

ప్రాంతీయం అనగానే అడవిలో గుడిసె అనుకోవద్దు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు మూడూ తీసివేస్తే తక్కిన దేశమంతా ఈ లెక్కలో ప్రాంతీయమే. పెర్త్, అడిలైడ్ వంటి నగరాలూ, రాజధాని కాన్‌బెర్రా కూడా అందులోకే వస్తాయి. మా మట్టుకు మాకు కాల్‌గూర్లీ మీద ఒక అభిమానం. పెర్త్‌కు తూర్పున ఇంచుమించు 600 కిలోమీటర్ల దూరాన ఉన్న బంగారు గనుల ఊరు అది. 1893లో అక్కడ బంగారం దొరికింది. భూమిలో బంగారం ఉన్నది గాని తాగడానికి నీళ్లు లేవు. 500 కిలోమీటర్లకు పైగా గొట్టాలు వేసి 1903లో తెచ్చుకున్నారు. అంతకు ఏడాది ముందే, 1902లో, మనకు శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. నీళ్లకు బేతమంగళం చెరువు ఉండనే ఉన్నది. మన ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి ఆగిపోయింది. వాళ్లు పైనుంచే పెద్ద గొయ్యి తవ్వుకుంటూ నేటికీ బంగారం తీస్తున్నారు. అక్కడి ఎండకూ దుమ్ముకూ జడిసేవాడు మన సయనైడు దిబ్బల పక్కన పెరిగినవాడు కాడు.

ఇక కుటుంబం మాట. షరతు ఉద్యోగం చేసేవారికొక్కరికే కాదు, ఆ వీసా మీద వెంట వెళ్లే భార్యకూ పిల్లలకూ వర్తిస్తుంది. భార్యకు మెల్‌బోర్న్‌లో మంచి ఉద్యోగం వచ్చినా చేరరాదు. పెద్దపిల్ల సిడ్నీ కాలేజీలో చదువుతానంటే కుదరదు. చుట్టపుచూపుగా వెళ్లి రావచ్చు, కాపురం పెట్టరాదు. ఒక ప్రాంతీయ ఊరి నుంచి మరొక ప్రాంతీయ ఊరికి మారవచ్చు. ప్రతిపాదించిన రాష్ట్రానికి ఇచ్చిన మాట ఏదైనా ఉంటే అది వేరే సంగతి. ఈ బాధ ఎందుకని మధ్యలో ఇంకొక పర్మనెంటు నైపుణ్య వీసాకు పోదామన్నా మూడేళ్లు నిండేదాకా తలుపు తెరవరు.

చిరునామా పల్లెలో చూపి కాపురం సిడ్నీలో చేయమని సలహా ఇచ్చే పెద్దమనుషులు కూడా ఉన్నారట. "అందరూ చేస్తున్నదే" అంటారట. పట్టుబడితే వీసా రద్దు కావచ్చు. ఇంటిల్లిపాదీ తిరుగు విమానం ఎక్కాలి. పట్టుబడకపోయినా మాకిది నచ్చదు. నర్సు వస్తుందని నమ్మి ఒక చిన్న ఊరు ఎదురుచూస్తుంటుంది. పనిచేసే వయసువారు తెల్లవారకముందే రైలెక్కి పోతే ఊరు ఎట్లా ఉంటుందో మనకంటే తెలిసినవారెవరు?

కాగితం చేతికి రాగానే ఇక్కడి ఇల్లు అమ్మకానికి పెట్టేవారికి ఒక మనవి: 191 వచ్చేదాకా ఇంటికి తాళం వేసి ఉంచండి.

పెళ్లి సంబంధాలు చూసేవారు "పి.ఆర్. ఉన్నదా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంటున్నారు. ఏ నంబరు వీసా, ఏ తేదీన మొదలైంది, ఉంటున్నది ఏ ఊరు, ఎన్నేళ్ల పన్ను కాగితాలు చేతిలో ఉన్నాయి అని అడగాలి. అమ్మాయి చదువుకు తగిన పని ఆ ఊళ్లో దొరుకుతుందా అన్నది ఆ తరువాతి ప్రశ్న. నర్సు చదివిన అమ్మాయిలున్న ఇళ్లలో వ్యవహారం తిరగబడి కూడా ఉంటుంది. వీసా అమ్మాయిది, వెంట వెళ్లేవాడు అబ్బాయి. అప్పుడు ఇవే ప్రశ్నలు అబ్బాయి తరపువారు అడగాలి. వారు అడగడానికి మొగమాటపడుతున్నారని వింటున్నాం.