పాలకు పరీక్ష, పసిడికి మొగమాటమా?

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతునకు బంగారము వట్టి యలంకారము కాదు. వేరుసెనగ పండిన యేడు చేతికివచ్చిన డబ్బు గొలుసగును; వాన తప్పిన యేడు ఆ గొలుసే కుదువకు పోయి విత్తనములగును. కావున నగ కొనుటయు సేద్యములో నొక భాగమేయని మా యభిప్రాయము.

అట్లయ్యు మనమొక వింత చేయుచున్నాము. పాలకేంద్రమున వెన్న పరీక్షింపక మన పాలకు వెల కట్టరు. ధ్రువీకరణపు నీలిచీటి చూచి విత్తనపు సంచి కొనుడని మేము ఊరూరను చెప్పుచుందుము. పసిడి యంగడిలో మాత్రము ముద్ర చూడకయే మూట విప్పుదుము. అడిగిన అంగడివారు నొచ్చుకొందురేమోయని మొగమాటము!

ఈ మొగమాటపు వెల లెక్కింతము. 22 క్యారెట్ల బంగారమున వేయింట 916 పాళ్లు మేలిమి. 5 సవరల, అనగా 40 గ్రాముల గొలుసులో 36.64 గ్రాముల మేలిమి యుండవలెను. అది 18 క్యారెట్లదైనచో 30 గ్రాములే యుండును. మేమెరిగిన యొక కుటుంబమునకు ఈ భేదము కుదువ పెట్టునాడు గాని తెలియలేదు. విత్తుటకు అదను మించుచుండెను. కొన్ననాటి రసీదు లేకుండెను.

అంగడి పేరు ముద్ర అమ్మువాని మాట. కె.డి.యం. యనునది కాడ్మియముతో అతుకు వేయు పద్ధతికి పేరేగాని వన్నెకు కొలత కాదు. ఆ పొగ కంసాలి యారోగ్యమునకును చెరుపు. హాల్‌మార్కు ఇరువురికిని చెందని పరీక్షకుని మాట. లండనులో 1478 నుండి స్వర్ణకారుల హాలునకు వస్తువులను తెచ్చి పరీక్షింపజేసి ముద్ర వేయించుటచే ఆ పేరు కలిగినది.

మన దేశమున భారతీయ ప్రమాణముల సంస్థ 2000లో ఆరంభించిన యీ ముద్ర, 2021 జూన్ 16 మొదలు 256 జిల్లాలలో నిర్బంధమై, పిమ్మట మరికొన్నిటికి వ్యాపించినది. 2023 ఏప్రిల్ 1 నుండి అంగడిలో అమ్ము హాల్‌మార్కు నగపై మూడు గుర్తులుండవలెను: సంస్థయొక్క త్రికోణ చిహ్నము, 22కె916 వంటి వన్నె గుర్తు, అక్షరములును అంకెలును కలిసి ఆరుగా నుండు సంఖ్య. ఈ సంఖ్య నగనగకును వేరు. దానిని బి.ఐ.యస్. కేర్ అను ఫోను యాప్‌లో వేసిన, నగ యేదో, వన్నె యెంతో, పరీక్షించిన కేంద్రమేదో తెలియును. ముద్ర కలిగియు వన్నె తగ్గినచో, లోటు విలువకు రెండింతలును పరీక్ష రుసుమును ఇప్పించుటకు 2018 నాటి నిబంధన కలదు.

2 గ్రాములలోపు నగలకును, ఏటా 40 లక్షల రూపాయలలోపు వ్యాపారముగల అంగళ్లకును మినహాయింపు కలదు. అట్టిచోట వన్నెను, నికర తూకమును రసీదుమీద వ్రాయించుకొనుడు. సందేహమున్న, రుసుము చెల్లించి గుర్తింపు పొందిన కేంద్రమున పరీక్ష చేయించుకొనవచ్చును.

ముద్ర నడుగుట అవమానించుట కాదు. బంగారు పళ్లెమునకైనను గోడ చేర్పు కావలెను. మంచి వర్తకుని మాటకు ముద్రయే ఆ చేర్పు. మన పాలను పరీక్షింపగా మనము నొచ్చుకొనుటలేదు గదా! రాబోవు పెండ్లిండ్లకు నగలు కొనబోవు సభ్యులు, వెల యడుగుటకు ముందే ముద్ర చూపుడని యడుగుదురు గాక.