మెషీన్ కాదు, ముసలాయన

'ద ప్రెస్టీజ్' (2006) అనగానే మావాళ్లు టెస్లా మెషీన్ దగ్గరే ఆగిపోతారు. ఇంజినీరింగ్ బుర్రలు కదా! నాకైతే అదే సినిమాలో వీక్ పాయింట్. ఇద్దరు మెజీషియన్ల పోటీలోకి సైన్స్ ఫిక్షన్ తేవడం తొండాటే.

అసలు సినిమా చంగ్ లింగ్ సూ సీన్లో ఉంది. మోకాళ్ల మధ్య చేపల తొట్టె దాచే ట్రిక్కు బయటపడకూడదని ఆ ముసలాయన వీధిలో కూడా కాళ్లీడుస్తూ నడుస్తాడు. బోర్డెన్ అది చూడగానే పట్టేస్తాడు. ఏంజియర్‌కి ఎక్కదు.

నోలన్ చెప్పనిది ఇంకోటుంది. నిజం చంగ్ లింగ్ సూ చైనావాడే కాదు, విలియం రాబిన్సన్ అనే అమెరికన్! స్టేజీ మీద ఇంగ్లీషు మాట్లాడేవాడే కాదు. 1918లో లండన్‌లో తుపాకీ గుండు పట్టే ట్రిక్కు వికటించి, ఒంట్లో గుండు దిగాక, తెర దించమని ఇంగ్లీషులోనే అన్నాడు. మర్నాడు చనిపోయాడు.