చెంబెడు నీళ్ళ తంటా

కారు గొడవ మనకెందుకులే, అది మగవాళ్ళ పని అని పేజీ తిప్పేయకండి. ఈ తంటా తెచ్చిపెట్టింది నేనే.

మావారి ఉద్యోగంవల్ల మేం చండీగఢ్‌లో ఉంటున్నాం. పొద్దున్నే తులసికోటలో నీళ్ళు పోశాక, కారు బానెట్ ఎత్తి చూసి, కూలెంట్ డబ్బాలో గీత కిందికి దిగితే అదే చెంబుతో కుళాయి నీళ్ళు పోసేదాన్ని. డబ్బా నిండితే చాలనుకున్నాను. అసలు మాటిమాటికీ ఎందుకు తగ్గుతోందన్న ఆలోచనే రాలేదు.

2024 జనవరిలో పిల్లలకి మంచు చూపిద్దామని సిమ్లా దాటి నార్కండా వెళ్ళాం. సుమారు 2,700 మీటర్ల ఎత్తు. రాత్రంతా కారు ఆరుబయటే. తెల్లారి బయల్దేరితే ముందు గేరు మొరాయించింది. హీటర్ వేస్తే చల్లగాలి. నాలుగైదు కిలోమీటర్లు పోయామో లేదో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పాకింది! బయట గడ్డకట్టే చలి, లోపల ఇంజను ఉడికిపోవడం. పక్కనే లోయ, వెనకసీట్లో పిల్లలు. నా గుండె జారిపోయింది. మావారు కారు ఓ పక్కకి తీసి ఆపేసి, రేడియేటర్ మూత తియ్యబోయారు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. ఆవిరి దిగని కుక్కర్ మూత ఎవరైనా తీస్తారా?

మెకానిక్ వచ్చి చూసి నవ్వాడు. కూలెంట్ పేరుకి మిగిలింది, ఉన్నదంతా నీళ్ళేనట. రాత్రి చలికి అది రేడియేటర్‌లో ముద్దకట్టి, తిరగడం మానేసింది. హీటర్‌కి వేడి అందేదీ ఆ కూలెంట్ నుంచేనట! నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. నిండా నీళ్ళున్న గాజుసీసా ఫ్రీజర్‌లో పగిలినట్టు ఇంజనే పగలొచ్చు. మా అదృష్టం, కింది రబ్బరు గొట్టం మార్చడంతో సరిపోయింది. ఇన్నాళ్ళూ కారుతున్నదీ ఆ గొట్టం దగ్గరేనట.

చిక్కటి కూలెంట్ కొంటే, సగం అది, సగం ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. అలా కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఎక్కువైతే మంచిదే కదా అని ఉత్త కూలెంటే పోస్తే మైనస్ 13 దగ్గరే గట్టిపడుతుందట, విచిత్రం కాదూ! ముందే కలిపి అమ్మేదాంట్లో మాత్రం చుక్క నీళ్ళు పొయ్యకూడదు. ఏ రకం కొనాలో రంగు చూసి కాదు, కారుతో ఇచ్చిన పుస్తకం చూసి తేల్చుకోవాలి.

ఇక గేరు సంగతి. చలికి కొబ్బరినూనె పేరుకున్నట్టే గేరు నూనె కూడా చిక్కబడుతుంది. బలవంతంగా లాగకుండా మొదటి కొద్ది కిలోమీటర్లు నెమ్మదిగా పోతే అదే సర్దుకుంటుంది. బండి వేడెక్కాక కూడా గట్టిగా ఉంటే చూపించాల్సిందే. ఆటోమేటిక్ కార్లలో గేరు వేశాక కదలడానికి ఆలస్యమైనా, నూనె మాడువాసన వచ్చినా అంతే.

మిగిలిన కూలెంట్‌ని మెకానిక్ కూల్‌డ్రింక్ సీసాలో పోసిచ్చాడు. ఇంటికి రాగానే నేనూ వంటింట్లో సింకు కింద పెట్టేశాను. పచ్చగా షర్బత్‌లా ఉందేమో, మా చిన్నాడు మూత తిప్పుతుంటే చూసి లాక్కున్నాను. రుచికి తియ్యగా ఉంటుంది, కానీ విషం, కిడ్నీలు పాడుచేస్తుంది. పొరపాటున ఎవరైనా గుటకేస్తే, బాగానే ఉన్నారు కదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇప్పుడా డబ్బా మావారి స్కూటర్ సామాన్ల పెట్టెలో, తాళం వేసి ఉంది.